మా పాటలో ఫారెస్ట్ గార్డు ఎలుగుబంటి ఎట్లా అయ్యాడు?

అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకున్న ఎవరికైనా ఈ బిట్టు ఎదురయ్యే ఉంటుంది. "సకిని రామచంద్రయ్య ఏ కళకు చెందినవారు?" ఆప్షన్లు నాలుగు: ఒగ్గుకథ, బుర్రకథ, కోయ డోలు, చిందు యక్షగానం. జవాబు మూడోది. 2022లో పద్మశ్రీ, మణుగూరు మండలం కూనవరం. మా హాస్టల్లో అమ్మాయిలంతా దీన్ని ఒక రాత్రిలో బట్టీ పట్టేశారు. నేనూ పట్టాను. కానీ నాకు అది కరెంట్ అఫైర్స్ కాదు, మా వైపు మనిషి. డోలు కొట్టుకుంటూ సమ్మక్క సారలమ్మల కథ కోయ మాటల్లో చెప్పినాయన. 2024 జూన్‌లో పోయారు. ఆయన పోయినా బిట్టు మాత్రం ఉంది. వచ్చే నోటిఫికేషన్‌లో కూడా ఉంటుంది. ఆయన గొంతులో ఏ కథ ఉందో, ఎవరి వైపు నుంచి చెప్పాడో అడిగే ప్రశ్న ఏ పేపర్లోనూ నాకు కనబడలేదు.

మన కళకు ఒక మార్కు ఉంది, మన మాటకు లేదు. ఈ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం ఎగ్జామ్ హాల్లో కాదు, పుస్తకాల పండగలో.

డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెడతారు కదా. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చెట్టు కింద చాప వేసుకొని చదువుకునేవాళ్లం సాయంత్రం నడుచుకుంటూ పోయి వస్తాం. కొనేది తక్కువ, తిరిగేది ఎక్కువ. అక్కడ ఒక స్టాల్లో పిల్లల బొమ్మల పుస్తకం కనబడింది. అట్ట మీద పచ్చటి రేల పూలు. తెరిచి రెండు పేజీలు చదివేసరికి నాకు రాగం వచ్చేసింది. పుస్తకంలో రాగం లేదు, నోట్లో ఉంది. మా నానమ్మ పాట అది.

నానమ్మ పాట అంటే ఆమె కట్టిన పాట కాదు. మా ఊళ్లో అమ్మలందరూ రెండు వరసల్లో నడుముల మీద చేతులు వేసుకొని పాడే రేల పాట. ఒక వరస అడుగుతుంది, ఎదురు వరస జవాబు చెబుతుంది. కథ చిన్నదే. తెల్లారకముందే ఒక పిల్ల ఇప్పపువ్వు ఏరడానికి పోతుంది. గంప నిండుతుంది. తిరిగి వస్తుంటే ఫారెస్ట్ గార్డు అడ్డం వచ్చి గంప లాక్కుంటాడు, ఇంటికాడ కోడి ఉందా అని అడుగుతాడు. పిల్ల కేక వేస్తే ఊళ్లో ఆడోళ్లంతా వస్తారు. అతని టోపీ తీసి, టోపీ నిండా ఇప్పపువ్వు పోసి, ఇదే నీ కోడి, తీస్కపో అని పంపేస్తారు. చిన్నప్పుడు ఆ టోపీ దగ్గరికి రాగానే మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

పుస్తకంలో గార్డు లేడు. ఆ చోట ఎలుగుబంటి ఉంది. అది ఇప్పపువ్వు తిని, మత్తెక్కి, చెట్టు కింద గురక పెడుతుంది. పిల్ల గంప తీసుకొని ఇంటికి పోతుంది. ఊళ్లో ఆడోళ్లు అసలు రానే రారు. రావాల్సిన పని లేదు కదా, ఎలుగుబంటి దానంతట అదే నిద్రపోయింది.

బొమ్మల సంగతి ఇంకా అన్యాయం. ఆ పిల్ల నెత్తి మీద కొమ్ములు పెట్టారు! కొమ్ము కోయ ఆటలో మగవాళ్లు పండక్కి కట్టుకునే అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు. వాటిని తీసుకొచ్చి ఇప్పపువ్వు ఏరే ఎనిమిదేళ్ల పిల్లకు పెట్టారు. నడుముకు ఆకులు కట్టారు. మా నానమ్మ ఏ వయసులోనూ ఆకులు కట్టుకోలేదు, సంతలో కొన్న చీరే కట్టుకుంది. ఆ బొమ్మ వేసినాయన ఏదో సినిమా సెట్టు చూసి వేసి ఉంటాడు, మా ఊరి బస్సు మాత్రం ఎక్కి ఉండడు.

చివరి పేజీలో చిన్న అక్షరాలు. బొమ్మలు: ఒక పేరు. పునఃకథనం: ఒక పేరు. డిజైన్: ఒక పేరు. ముద్రణ: ఒక పేరు. మూలం: గిరిజన జానపద గేయం. ఇంకా కింద, ప్రచురణకర్తల అనుమతి లేకుండా ఇందులోని ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ వాడరాదు.

ఈ ఆఖరి వాక్యం దగ్గర నేను నిలబడిపోయాను. అశోక్‌నగర్‌లో మా చదువు సగం జిరాక్స్ షాపుల మీద నడుస్తుంది. రేపు మా ఊరి అంగన్‌వాడీకి ఈ పుస్తకం జిరాక్స్ తీసి పంపితే దొంగను నేను. మా పాటను వాళ్లు తీసుకుంటే అది సంస్కృతీ పరిరక్షణ.

పుస్తకం ధర 150 రూపాయలు. నేను కొన్నాను, లేదంటే దాని గురించి మాట్లాడే హక్కు లేదంటారు. రాత్రి నానమ్మకు ఫోన్ చేసి చెప్తే ముందు ధర అడిగింది. తునికాకు కట్టకు మూడు రూపాయలు అనుకుంటే యాభై కట్టలు. కట్టకు యాభై ఆకులు. అంటే తన పాట తాను కొనుక్కోవాలంటే రెండున్నర వేల ఆకులు కోసి కట్టాలి. ఈ లెక్క నేను వేశాను, ఆమె వేయలేదు. ఆమె అడిగింది వేరు. "పుస్తకంలో ఎదురు వరస ఎవరు పాడిండ్రు?"

ఎవరూ పాడలేదు నానమ్మా అన్నాను. "మరి పాట ఎట్లయింది?" అంది.

పుస్తకం వేసినవాళ్ల ఆఫీసు నారాయణగూడలో ఒక సందులో ఉంది. పేరు ఇక్కడ రాయను, నా గొడవ ఒక ఆఫీసుతో కాదు. వెళ్లి కలిశాను. నిజం చెప్పాలి, ఆయన మంచి మనిషే. టీ తెప్పించాడు. లాభం కోసం చేసే పని కాదని చెప్పాడు, నమ్ముతున్నాను. తెలుగులో పిల్లల పుస్తకాలతో ఎవరూ మేడలు కట్టలేదు. "అమ్మా, మేం వేయకపోతే ఈ పాట పోయేది. మీరే పాడట్లేదు కదా ఇప్పుడు?" అన్నాడు. ఇంకా, "జానపదానికి కర్త ఉండడు" అన్నాడు.

ఆయన ఆఫీసు నుంచి కొంచెం నడిస్తే చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వస్తుంది. అక్కడ ఏ సాయంత్రమైనా కీర్తన పాడితే ఎవరిదని అడగాల్సిన పని లేదు, చివర్లో ముద్ర ఉంటుంది. పాడినాయన పేరు బ్యానర్ మీద, మృదంగం ఎవరో, వయొలిన్ ఎవరో కూడా బ్యానర్ మీదే. కర్త ఉన్న పాటకు పాడినవాళ్ల పేర్లన్నీ రాస్తారు. కర్త తెలియని పాటకు పాడినవాళ్ల పేరు కూడా తీసేస్తారు. ఇది ఎక్కడి న్యాయం? కట్టినవాళ్లు తెలియకపోవచ్చు. పాడినవాళ్లు తెలుసు కదా! ఈ పాట గాలిలోంచి ఊడిపడలేదు. ఎప్పుడో నేను పుట్టకముందు ఒకాయన టేప్ రికార్డర్ పట్టుకొని మా ఊరికి వచ్చాడు. రెండు రాత్రులు ఉన్నాడు, మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. నానమ్మకు ఆ నల్ల డబ్బా ఇప్పటికీ గుర్తుంది. ఆయన తన సంకలనంలో మా ఊరి పేరు రాశాడు కూడా. ఆ సంకలనం నుంచే ఈ బొమ్మల పుస్తకం పుట్టింది. టేపులో పదిమంది గొంతులు, సంకలనంలో ఒక ఊరి పేరు, బొమ్మల పుస్తకంలో గిరిజన జానపద గేయం. ఒక్కో మెట్టు దగ్గర కొంతమంది మాయమయ్యారు.

ట్రిపుల్ఆర్ సినిమా మొదటి సీను గుర్తుందా? 2022 మార్చిలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టికెట్ దొరక్క మేం కూడా తిరిగాం. గోండు పిల్ల మల్లి దొరసాని చేతి మీద బొమ్మ వేస్తూ పాడుతుంది. దొరసాని వైపు నుంచి రెండు నాణేలు పడతాయి. తల్లి అవి పాటకు ఇచ్చారనుకుంటుంది. పిల్లకు ఇచ్చారని కారు కదిలాక తెలుస్తుంది. థియేటర్లో జనం పళ్లు కొరికారు, నేనూ కొరికాను. మరి ఆ గోండు పిల్ల తెర మీద పాడింది ఏ భాషలో? తెలుగులో. ఆ పాట రాసినాయన పేరు, బాణీ కట్టినాయన పేరు అందరికీ తెలుసు, అది సినిమా పాట కాబట్టి. పిల్లను ఎత్తుకుపోతే కోపం వచ్చే మనకు, పాట ఎత్తుకుపోతే కోపం రాదు. ఇక్కడ నాణేలు కూడా పడలేదు.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం, మనం ఎట్లాగూ చట్టాలు చదివే వీధిలోనే ఉన్నాం. కాపీరైట్ చట్టం 1957కు కర్త కావాలి. కర్త తెలియని పాత పాట ఎవరైనా వాడుకోవచ్చు. దాని మీద కొత్తగా బొమ్మలు వేసి, నాలుగు మాటలు మార్చి వేసిన పుస్తకానికి మాత్రం హక్కు పుడుతుంది. అదే చట్టంలో సెక్షన్ 38 ఉంది. పాడినవాళ్లకు, ఆడినవాళ్లకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు. 2012 సవరణతో 38బి వచ్చింది, పాడింది నేనే అని పేరు వేయించుకునే హక్కు. అది రికార్డింగుకు గానీ అచ్చు పుస్తకానికి వర్తించదని వకీలు వాదించవచ్చు. వాదించనీ. కానీ ఆ పుస్తకం వెనక అట్ట మీద ఒక క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే స్టూడియోలో పాడిన గొంతు వస్తుంది, కీబోర్డుతో. టేపులో పదిమంది ఉండగా స్టూడియో దాకా ఎందుకు పోయారో నాకు అర్థం కాలేదు. ఇక పెసా చట్టం, 1996, సెక్షన్ 4(డి). సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభది. ఇసుకకు గ్రామసభ, భూమికి గ్రామసభ అని పోరాడుతున్నాం. పాటకు ఎందుకు అడగకూడదు?

పేరున్నవాళ్లకే న్యాయం జరగడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జులూ గాయకుడు 1939లో రికార్డు చేసిన పాట అమెరికా పోయి, చేతులు మారి, పేరు మారి, 1994లో డిస్నీ వాళ్ల లయన్ కింగ్‌లోకి వచ్చింది. ఆయన 1962లో పేదరికంలోనే పోయాడు. కూతుళ్ల తరఫున కేసు వేస్తే 2006లో రాజీ కుదిరింది. ఆయన పేరు రికార్డు మీద ఉంది కాబట్టి ఆ మాత్రమైనా. మన పాట మీద మన పేరే లేకపోతే రేపు ఎవరి తరఫున కేసు?

ఇప్పుడు కొంతమంది మిత్రులు, మనవాళ్లే, వేరే ప్రశ్న వేస్తున్నారు. రేల పాట ఎప్పుడూ ఒకేలా ఉండదు కదా, ప్రతి ఏడూ కొత్త చరణం కడతారు, వాళ్లు కూడా ఒక చరణం మార్చారు, తప్పేంటి? మంచి ప్రశ్న. దీనికి జవాబు నేను చెప్పలేదు, నానమ్మ ముందే చెప్పింది. ఎదురు వరస. మా ఊళ్లో ఎవరైనా పిచ్చి చరణం కడితే ఎదురు వరస అక్కడికక్కడే తిప్పికొడుతుంది. అందరూ నవ్వుతారు, ఆ చరణం ఆ రాత్రికే చస్తుంది. బాగుంటే పక్క ఊరికి పోతుంది. మార్చినవాళ్లు వరసలో నిలబడి ఉంటారు, మొహం కనబడుతుంది. పుస్తకంలో గార్డును ఎలుగుబంటి చేసినాయనకు ఎదురుగా ఎవరు నిలబడ్డారు? ఆ పుస్తకం మా ఊరికి రానే రాలేదు.

గార్డును ఎందుకు తీశారని నారాయణగూడలో అడిగాను. పిల్లల పుస్తకం కదమ్మా, ప్రభుత్వ ఉద్యోగిని చెడ్డగా చూపిస్తే బడులకు కొనరు అన్నాడు. ఇది మాత్రం నిజాయితీగా చెప్పాడు. అంటే మా పిల్లలు చూడకూడనిది గార్డును కాదు, గార్డు ఓడిపోవడాన్ని. పోడు దగ్గర జీపు ఆగితే ఇంట్లో పిల్లలు మంచం కిందికి దూరే ఊళ్లు మావి. ఆ పిల్లలకు టోపీలో ఇప్పపువ్వు పోసే ఆడోళ్ల కథ ఒక ధైర్యం. దాన్ని తీసేసి, నిద్రపోయే ఎలుగుబంటిని ఇచ్చారు. అదీగాక నిజం ఎలుగుబంటి కథలు మాకు వేరే ఉన్నాయి, వాటిలో ఎవరూ నవ్వరు.

నేను బొమ్మల పుస్తకాలకు వ్యతిరేకం అని ప్రచారం చేయకండి. పాటను బొమ్మల పుస్తకం చేయడం ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఎప్పటి నుంచో ఉన్న పని. మనకు కావాల్సిన పని కూడా. మా ఊరి అంగన్‌వాడీలో గోడ మీద ఉన్న యాపిల్, ద్రాక్ష బొమ్మలు చూసి నేను అక్షరాలు నేర్చుకున్నాను. ద్రాక్ష మొదటిసారి తిన్నది కొత్తగూడెంలో, ఇంటర్‌లో.

మంచిగా చేసినవాళ్లు కూడా ఉన్నారు. మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు మన ప్రధాన్‌ల లాగే పాట చెప్పి బతికినవాళ్లు. వాళ్లలో భజ్జు శ్యామ్ 2004లో లండన్ మీద బొమ్మల పుస్తకం చేశాడు. అట్ట మీద ఆయన పేరు, చూపు ఆయనది, లండనే ఆయన కంటికి అడవి అయింది. తర్వాత దుర్గాబాయి, రాంసింగ్ ఉర్వేతిలతో కలిసి చెట్ల మీద చేసిన పుస్తకం బొలోన్యాలో బహుమతి తెచ్చుకుంది. చెన్నైలో తారా బుక్స్ వేసింది వాటిని. పక్కన ఒడిశాలో ప్రథమ్ బుక్స్ వాళ్లు సవర, ముండా, కుయి, జువాంగ్ మాటల్లో ఒడియాతో కలిపి పుస్తకాలు చేశారు. బొమ్మలు సవర గోడబొమ్మల నుంచి వచ్చాయి. మన హైదరాబాద్‌లోనే అన్వేషి 2008లో దళిత, ఆదివాసీ, ముస్లిం పిల్లల బతుకుల మీద కథల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర లాంటివాళ్లు రాశారు. పేర్లు వేస్తే పుస్తకం అమ్ముడుపోదు అనే మాట అబద్ధం.

మీ భాషకు లిపి లేదు కదా అనేది ఇంకో సాకు. కోయను తెలుగు లిపిలో హాయిగా రాయొచ్చు, మేం వాట్సాప్‌లో రోజూ రాస్తున్నాం. గోండికి లిపి కూడా ఉంది, నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన లిపి 2018లో యూనికోడ్‌లోకి వెళ్లింది. 2011 జనగణనలో కోయ తమ భాష అని చెప్పినవాళ్లు నాలుగు లక్షల పైన. ఆ పుస్తకంలో ఒక్క పేజీ, ఒక్క మాట కోయలో లేదు.

సరే, కోయలో వేశారనుకుందాం. బడిలో చదివి వినిపించేది ఎవరు? ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే అన్న జీవో 3 వచ్చింది 2000 జనవరిలో. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి మనం ధర్నాలు చేస్తూనే ఉన్నాం. జీవో 3 అంటే ఉద్యోగాల గొడవ అనుకునేవాళ్లకు ఇది చెప్పండి. కోయ మాట రాని సారు చేతిలో కోయ పుస్తకం పెడితే ఆయన బొమ్మలు చూపించి పక్కన పెడతాడు. పాట ఎట్లా ఎత్తుకోవాలో ఆయనకు ఏం తెలుసు, పాపం.

మన తప్పు కూడా ఉంది, దాచుకుంటే లాభం లేదు. "మీరే పాడట్లేదు కదా" అని ఆయన అన్నప్పుడు నాకు వెంటనే జవాబు రాలేదు. నాకు ఆ పాట మొత్తం రాదు. టోపీ దాకా వచ్చు, మధ్యలో మూడు చరణాలు రావు. మా తమ్ముడు రేల పాటను డీజే మిక్స్ చేసి రీల్ పెట్టాడు. లైకులు బాగా వచ్చాయి, పాడినవాళ్ల పేరు వాడూ వేయలేదు. అడిగితే, "అక్కా, అందరిదీ కదా" అన్నాడు. నారాయణగూడ ఆఫీసులో విన్న మాటే. ఇద్దరికీ ఒకటే చెప్పాను. అందరిదీ అంటే, అడిగి తీసుకోవాల్సినవాళ్లు ఎక్కువమంది ఉన్నారని అర్థం.

ఆఫీసులో నేను కూడా ఒకచోట ఇరుక్కున్నాను. "సరే, రెండో ముద్రణలో పేరు వేస్తాం, ఎవరి పేరు చెప్పు" అన్నాడు. నానమ్మ పేరు చెబితే పక్కింటి పెద్దమ్మ ఊరుకోదు. మా ఊరి పేరు చెబితే వాగు అవతలి ఊరు ఊరుకోదు, వాళ్లు వేరే రాగంలో పాడతారు. గోదావరి దాటితే అటు ఛత్తీస్‌గఢ్‌లో కూడా ఉంటుంది. ఆ రోజు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను. ఆ టేపులో ఎవరెవరు పాడారో వాళ్ల పేర్లు, ఏ ఊళ్లో తీశారో ఆ ఊరి పేరు, పాట కోయలదని ఒక మాట. అవతలి ఊరోళ్లు మాది వేరే అంటే, అదీ రాయండి. పాఠం కోయలో, పక్కన తెలుగు. గార్డు వెనక్కి రావాలి, టోపీతో సహా. బొమ్మలు వేసే పిల్లలు మన హాస్టళ్లలోనే ఉన్నారు, కొమ్ములు ఎవరి నెత్తి మీద ఉంటాయో వాళ్లకు తెలుసు. అచ్చుకు ముందు గ్రామసభలో చదవాలి. వచ్చిన డబ్బులో ఊరి వాటా ఎంతో కాగితం మీద ఉండాలి, అది వంద రూపాయలే అయినా సరే. ఇంకో మాట. ప్రతి పాటా పుస్తకానికి కాదు. చావు దగ్గర పాడేవి, పండుంలో ఆ రోజు తప్ప నోట పలకనివి ఉన్నాయి. వద్దు అని ఊరు అంటే, వద్దు.

ఆయన ఇంతవరకు ఫోన్ చేయలేదు. నేను ఆగట్లేదు. మార్చిలో ఇప్పపువ్వు రాలే టైముకు ఊరికి పోతున్నాను, పాట మొత్తం రికార్డు చేయడానికి. గ్రూప్స్ ఎట్లాగూ ఎప్పుడు పెడతారో తెలియదు. ఫోన్ ఉంది, ఒక మైకు అరువు దొరికింది. బొమ్మలు వేయడానికి ఉట్నూరు వైపు నుంచి ఒక తమ్ముడు, మా హాస్టల్ నుంచి ఒక చెల్లె వస్తామన్నారు. నానమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కదాన్నే పాడమంటే పాడదట. రెండు వరసలు ఉండాలట. ఊళ్లో పాట పూర్తిగా వచ్చిన అమ్మలు ఇప్పుడు ఏడుగురే మిగిలారు. ఎదురు వరసకు ఇంకో ఐదుగురు కావాలి. అశోక్‌నగర్, చిక్కడపల్లిలో ఉన్న అక్కలు, చెల్లెళ్లు, మీకు ఒక్క చరణం వచ్చినా చాలు, మెసేజ్ పెట్టండి. మణుగూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. అన్నం మా ఇంట్లో.